బాలశౌరి గుణకారం

"నేను పెద్దగా చేసిందేం లేదు బాబాయ్, ఒక చిన్న మాటసాయం, అంతే" అని బాలశౌరి మొదలుపెట్టాడంటే అమలమ్మ పొయ్యి మీద రెండో గిన్నె కూడా ఎక్కిస్తుంది. చిన్న మాటసాయం ఎంత దూరం పోతుందో ఆవిడకి అనుభవమే.

బెంజ్ సర్కిల్ పక్కన లారీ పార్సిలాఫీసులో గుమాస్తా అతను. మూటల మీద ఊళ్ల పేర్లు రాయడం ఉద్యోగం, ఎదురుగా ఉన్న అమలమ్మ టీకొట్టు బల్ల మీద కూర్చోవడం జీవితం. డెబ్బై ఎనిమిది మే నెల. మధ్యాహ్నం మూడున్నర. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. కంకిపాడు నుంచి బసవపున్నయ్య మోటారు పంపు పార్సిలు కోసం వచ్చి, లారీ ఇంకా రాలేదంటే బల్ల మీద కూలబడ్డాడు. అయిదెకరాల రైతు, కానీ ఆయన ప్రాణమంతా బండలాగుడు పందేలకి మేపే గిత్తల మీదే ఉంటుంది.

బల్లకి ఆ చివర కూర్చున్నది లాజరు. ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటరు. పద్నాలుగేళ్లుగా నిలబడి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చినవాడు. గోళ్ల సందుల్లో నలుపు పెళ్లినాటికే ఉంది, ఇప్పటికీ పోలేదు. అతని చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. రాజీనామా. అయిదింటికి ప్రెస్సు ఓనరు వెంకటకృష్ణారావు గారి చేతిలో పెట్టాలి. హైదరాబాదులో కంప్యూటరాఫీసులో ఆపరేటరు పోస్టు వేయిస్తానని బాలశౌరి మాటిచ్చాడు. "ముందు నువ్విక్కడ తెంచుకో బావా, అక్కడ కుర్చీ నేను వేయిస్తా" అన్నాడు. ఏసీ గది. కూర్చుని చేసే పని. ఆ రెండు మాటలు లాజరుని నెల్రోజులుగా నిద్రపోనివ్వడం లేదు. పెళ్లానికింకా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకే, బాలశౌరి కథ ఇంకోసారి వింటే ఆ ధైర్యం వస్తుందేమోనని వచ్చాడు.

"మాటసాయం ఏంటో చెప్పు మరి" అన్నాడు బసవపున్నయ్య.

"పోయిన మార్చిలో హైదరాబాదుకి ఒక పెట్టె వెళ్లింది బాబాయ్ మన లారీలో. మన గోడౌన్ తలుపంత పెట్టె. జాగ్రత్త అని నాలుగు పక్కలా ఎర్ర రంగుతో రాసుంది. మా మేనేజరు, ఇది నువ్వు తప్ప ఇంకొకడు తీసుకెళ్లలేడు శౌరీ, అన్నాడు. సరే వెళ్లాను. లోపల కంప్యూటరు. అంటే లెక్కలు చేసే యంత్రం. ఆ ఆఫీసులో అప్పటికే ఒక పాత యంత్రం ఉంది. కొత్తది ఎంత గొప్పదో మార్కులు వేయాలి. చొక్కాకి టై కట్టుకున్న ఇంజనీర్లు ఆరుగురు పొద్దుటి నుంచి ఒకటే తగాదా. నేను పెట్టె దింపించి గుమ్మంలో నిలబడ్డాను. విన్నాను. ఇక ఉండబట్టలేక, అయ్యా, తమరు తప్పు చేస్తున్నారు అన్నాను. అంతే నేను చేసింది."

"యంత్రానికి మార్కులేంటయ్యా, పిల్లకాయలకి వేసినట్టు?"

"అక్కడే ఉంది కిటుకు. మీ గిత్తలకి ఎట్లా వేస్తారు?"

"బండ కడతారు. ఇంతసేపు అని టైము పెడతారు. ఎన్ని అడుగులు లాగితే అదే లెక్క."

"అదీ. బండ అందరికీ ఒకటే, టైము అందరికీ ఒకటే. ఇదీ అంతే. పాత యంత్రాన్ని వంద అనుకుంటారు. అది కొలబద్ద. నాలుగు పరీక్షలు. కూడికలు, తీసివేతలు ఒకటి. పేర్లన్నీ అకారాది వరసలో పేర్చడం రెండోది. టేపు మీద ఉన్నది చదవడం మూడు. జవాబు కాగితం మీద అచ్చుకొట్టడం నాలుగు. ఒక్కో పనికి పాతది ఎంతసేపు తీసుకుంది, కొత్తది ఎంతసేపు తీసుకుంది, పాతదాని టైముని కొత్తదాని టైముతో భాగించాలి. కూడికల్లో కొత్తది పదింతలు జోరు. పేర్చడంలో రెండింతలు. చదవడంలో అయిదింతలు. అచ్చుకొట్టడంలో మాత్రం పాతదానితో సమానం, అంటే ఒకటి. ఇప్పుడు మొత్తం మార్కు ఎంత? ఇంజనీర్లు ఏం చేశారు? పదీ రెండూ అయిదూ ఒకటీ కూడారు, పద్దెనిమిది. నాలుగుతో భాగించారు, నాలుగున్నర. పాతది వంద అయితే కొత్తది నాలుగొందల యాభై అని చప్పట్లు కొట్టుకుంటున్నారు."

"బానే ఉందిగా" అన్నాడు లాజరు. ఈ ముక్క అతను ఇంతకుముందు రెండుసార్లు విన్నాడు. అయినా ఇక్కడ బానే ఉందిగా అనడం తన వంతు.

"బానే ఉంటే నేను నోరెందుకు విప్పుతాను బావా? బాబాయ్, ఒక జత ఉంది. బండ మాత్రం అదిరిపోయేట్టు లాగుద్ది. దుక్కికి కడితే మాత్రం పడుకుంటది. కొంటావా?"

"పడుకునే జత నాకెందుకు?"

"బండలో వచ్చిన మార్కు దుక్కిలో పోయిన పరువుని కప్పేసుద్ది, కూడితే. అందుకని కూడకూడదు. గుణించాలి. పది రెళ్లు ఇరవై, ఇరవై అయిదులు వంద, వంద ఒకట్ల వంద. నాలుగు పరీక్షలు కాబట్టి దానికి నాలుగో మూలం తీయాలి. అంటే వర్గమూలం, మళ్లీ దానికి వర్గమూలం. వందకి పది. పదికి మూడు పాయింటు పదహారు. అంటే మూడొందల పదహారు. నాలుగొందల యాభై కాదు, మూడొందల పదహారు అసలు మార్కు. గుణించడంలోనే గుణం తెలుస్తుంది, అన్నాను. ఆరుగురూ మొహాలు చూసుకున్నారు. అంత ఏసీలోనూ చెమటలు పట్టాయి."

ఏసీ అనగానే లాజరు చెయ్యి తనకి తెలీకుండానే జేబు మీదకి వెళ్లింది.

అప్పుడే రూతు రోడ్డు దాటి వచ్చింది. లాజరు భార్య. అదే ప్రెస్సుకి ఇంటి దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దుతుంది. మొగుడు పేర్చిన అక్షరాల్లో తప్పులు పెళ్లాం పడుతుందని ప్రెస్సులో అందరికీ వేళాకోళం. చేతిలో ప్రూఫుల కట్ట, చెవి మీద ఎర్ర పెన్సిలు. ప్రెస్సుకి వెళ్తూ ఎండకి ఆగిందట. లాజరు గతుక్కుమన్నాడు. "ఇంకో రెండు పేజీలున్నాయి, దిద్దేసి పోతా" అంటూ బల్లకి ఈ చివర కూర్చుని, వీపు అటు తిప్పి కాగితాల్లో తల పెట్టింది. అమలమ్మ అడక్కుండానే గ్లాసు ఇచ్చింది.

వినేవాళ్లు ఒకరు పెరిగితే బాలశౌరి గొంతు రెండింతలవుతుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద ఇంజనీరు లేచి తన కుర్చీ నాకిచ్చాడు. అయ్యా, ఇక పరీక్షలు కూడా తమరే పెట్టండి అన్నాడు. అప్పుడే ఇంకో కంపెనీవాడు ఇంకో యంత్రం తెచ్చాడు, ఫారిన్‌ది. కూడికల్లో యాభై ఇంతలు. పేర్చడంలో అరవై. చదవడంలో డెబ్బై. వాడు మీసం దువ్వుతున్నాడు. అచ్చుకొట్టమన్నాను. కొట్టలేదు. ఒక్క అక్షరం రాలేదు. ఆ పరీక్షలో సున్నా. మిగతావి చూడండి సార్ అంటాడు. ఏం చూడాలి? గుణించాం. యాభై, అరవై, డెబ్బై, సున్నా. మొత్తం సున్నా. ఒక్క చోట సున్నా వచ్చిందా, ఎంత మొనగాడైనా సున్నాయే. పెట్టె కట్టించి మన లారీలోనే వెనక్కి పంపించాను."

రూతు పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"బాగా చేశావు" అన్నాడు బసవపున్నయ్య మనస్ఫూర్తిగా. పడుకునే జత మీద ఆయనకింకా కోపం చల్లారలేదు.

"ఇక మన యంత్రానికి నా పద్ధతిలో పరీక్ష పెట్టాను. ఈ చిల్లర కూడికలు కాదు. మన బ్యారేజీ గేట్లన్నీ ఎత్తితే కిందకి దూకే నీళ్లలో చుక్కలెన్ని అన్నాను. బీడీ ముట్టించుకుందామని అగ్గిపుల్ల గీశాను. పుల్ల అంటుకునేలోపు లెక్క పూర్తయింది. అందులో ఉప్పుటేరు వైపు పోయే చుక్కలు వేరే, పొలాల్లోకి పోయేవి వేరే."

"చల్లటి గదిలో బీడీ కాల్చనిచ్చారా?" అంది అమలమ్మ.

"నన్నెవరు ఆపుతారు? ఇప్పుడు మార్కు అచ్చుకొట్టమన్నాను. ఆ అంకె పొడుగు చూడాలి బాబాయ్. కాగితం గదిలో పట్టలేదు. మెట్లు దిగింది. వీధిలోకి పోయింది. సూర్యాపేట దాటింది, నందిగామ దాటింది. కొండపల్లి దగ్గర బొమ్మలవాళ్లు దాన్ని చింపుకుని ఏనుగు అంబారీలు పొట్లాలు కట్టుకున్నారు. నేను లారీలో తిరిగొస్తూ దార్లో చుట్ట చుట్టుకుంటూ వచ్చాను."

"ఇందాక మూడొందల పదహారన్నావు?"

"అది పొద్దున బాబాయ్. యంత్రం అప్పటికింకా వేడెక్కలేదు."

బసవపున్నయ్య ఆలోచించి తలూపాడు. గిత్తలు కూడా మొదటి రౌండులో అంతే.

లాజరుకి మాత్రం కాస్త గుబులుగా ఉంది. పోయినసారి కథలో కాగితం సూర్యాపేట దగ్గరే ఆగింది. అయినా, కాగితం ఎక్కడ ఆగితేనేం, కుర్చీ ఉంటే చాలుననుకున్నాడు. తన పేరు అక్కడ రాసి ఉంటే చాలు.

"తర్వాత ఇంకా విచిత్రం. యంత్రానికి నా చెయ్యి అలవాటైపోయి జోరు ముదిరింది. సోమవారం నేను అడగబోయే ప్రశ్నకి ఆదివారమే జవాబు అచ్చయి ఉండేది, కింద తేదీతో సహా. ఇక భాగించడానికి టైమేదీ? టైము సున్నా కంటే కిందకి పోయింది. ఇంజనీర్లు తలలు పట్టుకున్నారు. నేనన్నాను, అయ్యా, ఇది ఇక పాత యంత్రంతో కొలిచే సరుకు కాదు, కొత్త కొలబద్ద కావాలి అని. ఏం పెడదాం? అన్నారు. అప్పుడు యంత్రమే, మనిషెవరూ ముట్టుకోకుండా, టకటకమని తెలుగులో అచ్చుకొట్టింది. బాలశౌరి గారితో నన్ను పోటీ పెట్టండి, అని."

"తెలుగులోనా" అన్నాడు లాజరు. తెలుగు ఒత్తులు, గుణింతాలు పేర్చడం ఎంత కష్టమో అతనికి తెలుసు.

"తెలుగులో. ఒత్తులతో సహా. పోటీ పెట్టారు. కూడికల్లో నేను మూడింతలు. పేర్చడంలో, నేను పార్సిళ్లు సర్దేవాణ్ణి కదా, ముప్పై ఇంతలు. చదవడంలో, అచ్చుకొట్టడంలో ఇక చెప్పక్కర్లేదు. గుణించి మూలం తీశారు. పాపం, యంత్రానికి కళ్లనీళ్లొచ్చాయి. మైళ్ల పొడుగు కాగితం తడిసి ముద్దయింది, అందుకే మీకు చూపించలేకపోతున్నా. ఆ రోజు నుంచి దేశంలో ఏ మూల కంప్యూటరు కొన్నా కొలబద్ద ఎవరో తెలుసా? నేను. బాలశౌరి అంటే వంద. యంత్రాలన్నిటినీ నాతోనే భాగిస్తున్నారు. అంతటివాణ్ణి, ఒక్క ఆపరేటరు పోస్టు వేయించలేనా? మన లాజరు బావ ఇవ్వాళ రాజీనామా ఇచ్చేస్తున్నాడు, అయిదింటికి. వచ్చే వారం ఏసీలో ఉంటాడు."

బల్ల మీద గ్లాసు పెట్టిన చప్పుడయింది. లాజరు తలెత్తలేదు. రూతు ఇటు తిరిగి కూర్చుంది. మొగుణ్ణి చూడలేదు, బాలశౌరినే చూసింది.

"అన్నయ్య గారూ, నాకో అనుమానం. గుణించాలంటారు, కూడకూడదంటారు. అంతేనా?"

"అంతే చెల్లెమ్మా. అది ఇంజనీర్లు కూడా ఒప్పుకున్నారు."

"ఎంత మొనగాడికైనా ఒక్కచోట సున్నా వస్తే?"

"మొత్తం సున్నా. దయాదాక్షిణ్యాల్లేవు."

"నాలుగు పరీక్షలు మీకూ పెడతాను. మీరే వంద అన్నారుగా, అదీ చూద్దాం." ఆమె ప్రూఫు కాగితం అంచున ఎర్ర పెన్సిలుతో అంకె వేసింది. "కథలు చెప్పడం. ఈ ఊళ్లో మామూలు మనిషి ఒకటి చెప్పే టైములో మీరు యాభై చెప్తారు. యాభై. సరేనా?"

"సరే" అన్నాడు బాలశౌరి నవ్వుతూ.

"టీ తాగడం. అమలమ్మక్కా?"

"ఇరవై వేసుకో" అంది అమలమ్మ.

"ఇరవై. ఉద్యోగం వేయిస్తానని మాటివ్వడం. నేను విన్నంతలో పన్నెండు మందికి. పన్నెండు. ఇక నాలుగోది, వేయించిన ఉద్యోగాలు. ఎన్ని వెయ్యమంటారు అన్నయ్య గారూ?"

"అవి... దార్లో ఉన్నాయి చెల్లెమ్మా."

"దార్లో ఉన్నవి వద్దు. చేరినవి."

అమలమ్మ పొయ్యి దగ్గర్నుంచి తిరిగింది. ఆవిడ గొంతులో ఇందాకటి వేళాకోళం లేదు. "మా తమ్ముడు అంతోని పోయినేడు సంక్రాంతికి ముందు మిల్లులో పని మానేశాడు శౌరన్నా, నీ మాట మీద. పోస్టుమాన్ వచ్చే వేళకి ఇప్పటికీ గుమ్మంలోనే నిలబడతాడు. వాడి ముందు నేనొక్క మాట అనలేను. నిన్నూ ఏమీ అనలేదు ఇన్నాళ్లు. ఆ గడిలో ఎంత వెయ్యాలో నన్నడిగితే నేను చెప్తాను."

రూతు సున్నా చుట్టింది. యాభై, ఇరవై, పన్నెండు, సున్నా. కింద గీత గీసి, దాని కింద ఇంకో సున్నా చుట్టి, ఆ కాగితాన్ని బల్ల మీద అతని వైపు జరిపింది.

బసవపున్నయ్య వంగి చూశాడు. "సున్నాయేనయ్యా" అన్నాడు మెల్లగా. "నీ లెక్కే."

లాజరు అప్పుడు నోరు విప్పాడు. "బావా. నిజం చెప్పు. అక్కడ నా పేరు ఎవరికైనా చెప్పావా?"

బాలశౌరి చెప్పాడు, పార్సిలు మీద అడ్రసు చదివినట్టు, ఎత్తుపల్లాల్లేని గొంతుతో. పెట్టె దింపింది నిజం. లోపలికి రానివ్వలేదు. చెప్పులు విడిచి గుమ్మం బయట నిలబడ్డాడు, డ్రైవరు నిద్ర లేచేదాకా, గంటన్నర. లోపల వాళ్లు కూడాలా గుణించాలా అని వాదించుకుంటుంటే తలుపు సందులోంచి విన్నాడు. మూడొందల పదహారు అన్నది ఒక కుర్ర ఇంజనీరు.

"తలుపు సందులోంచి వచ్చిన చల్లగాలి మాత్రం నిజం బావా. గంటన్నర సేపు ఈ పక్క మొహానికి తగిలింది. అంత చల్లదనం నేనెప్పుడూ ఎరగను. నీకూ తగిలితే బావుండుననే అనుకున్నాను, ఒట్టు."

లాజరుకి కోపం వచ్చింది. ఆ తర్వాత దుఃఖం వచ్చింది, పద్నాలుగేళ్లు నిలబడి నొప్పెడుతున్న తన మోకాళ్లని తలుచుకుని. ఆ గంటన్నరా గుమ్మంలో తను కూడా నిలబడ్డట్టే ఉంది అతనికి. జేబులోంచి కాగితం తీసి రూతుకిచ్చాడు.

ఆమె మడతలు విప్పి చదివింది. "నిలబడలేక మానుకుంటున్నాను అని రాశావేంటి? నాతో ఎప్పుడన్నా అన్నావా నిలబడలేకపోతున్నానని?"

"అంటే నువ్వేం చేస్తావు?"

"నేనే అడుగుతాను. ఎత్తు స్టూలు ఒకటి వేయించండి, కూర్చుని పేరుస్తాడు అని వెంకటకృష్ణారావు గారిని అడుగుతాను. పద్నాలుగేళ్ల చేతి నేర్పు పోగొట్టుకునే వెర్రివాడు కాదాయన. కాదంటే అప్పుడు నువ్వు ఇది మళ్లీ రాద్దువుగాని, నేనే దిద్ది పెడతా." రాజీనామా మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా ఏటవాలుగా ఎర్ర గీత గీసి, అంచున ప్రూఫులో తీసేయమని పెట్టే కొక్కెం గుర్తు పెట్టింది. లాజరుకి ఆ గుర్తు బాగా తెలుసు. ఆమె పెట్టిన ఆ గుర్తుని పట్టించుకోకుండా అతను ఒక్క లైను కూడా ఎప్పుడూ అచ్చుకి పంపలేదు.

అయిదింటికింకా టైముంది. ఇద్దరూ లేచారు. అమలమ్మ గ్లాసులు తీసుకుంటూ లాజరు భుజం తట్టింది.

బాలశౌరి ఆ సున్నాల కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. వాళ్లు రెండడుగులు వేశాక వెనక నుంచి పిలిచాడు, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో.

"చెల్లెమ్మా. పోనీ కూడితే?"

రూతు ఆగింది. మనిషిని చూస్తే జాలేసింది. "కూడితే ఎనభై రెండు. నాలుగుతో భాగిస్తే ఇరవైన్నర. కూడితే ఈ సెంటర్‌లో మీరే ఫస్టు, అన్నయ్య గారూ."

లారీలు పోయేదాకా ఆగి వాళ్లు రోడ్డు దాటారు. అవతలి గట్టు ఎక్కేసరికి ఆ గొంతు మళ్లీ మామూలు సైజుకి వచ్చేసింది, హారన్ల మీదుగా కూడా తేటగా వినబడింది.

"విన్నావుగా బాబాయ్. అచ్చుతప్పులు పట్టే మనిషే నోటితో చెప్పింది, ఫస్టు నేనేనని."